మా ఊరి దగ్గర మూసేసిన మీటర్‌గేజ్ స్టేషన్: ఊరికి అంత దూరంలో ఎందుకు కట్టినట్టు?

పొలంగట్టు:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. ఇప్పుడు సత్యసాయి జిల్లా అనాలి గానీ నోటికి ఇంకా అలవాటు కాలేదు. ముదిగుబ్బకీ కదిరికీ మధ్యలో ఒక పల్లె. ఊరి పేరు రాయను, రాస్తే మా చిన్నాయనలకి గంటలో తెలిసిపోతుంది, ఇంటి సంగతులన్నీ ఫోన్లో పెడతావేందిరా అని మొదలుపెడతారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తాను, ఏడాదికి రెండు మూడుసార్లు ఊరికి పోతాను.

విషయం ఏమిటంటే, మా ఊరికి రెండు కిలోమీటర్ల అవతల చేన్ల మధ్యలో ఒక పాత రైల్వే స్టేషన్ ఉంది. ధర్మవరం–పాకాల లైను మీటర్‌గేజ్‌గా, అంటే పట్టాల మధ్య ఒక మీటరే ఎడం ఉండే లైనుగా ఉన్నప్పుడు అక్కడ బండి ఆగేది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ (వెడల్పు లైను) బండ్లు కాస్త పక్కగా పోతాయి, ఆగవు. ప్రస్తుతం అక్కడ మిగిలింది కప్పు లేని రాతి గది ఒకటి, రెండు చింతచెట్లు, ప్లాట్‌ఫారం అని మనమే అనుకోవాల్సిన మట్టిదిబ్బ, ఒక పెద్ద బావి. బావి చుట్టూ రాతి కట్టడం ఎంత బాగుందంటే మా ఊర్లో ఏ రైతు బావికీ అంత సోకు లేదు. దాన్ని అందరూ ఇంజను బావి అంటారు. ఎందుకు అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో కథ. రైలింజను అందులో పడిపోయింది, ఇంకా అడుగునే ఉంది అంటుంది మా అత్త. కాదు, ఆయిల్ ఇంజను పెట్టి చేన్లకి నీళ్ళు తోడేవాళ్ళు కాబట్టి ఆ పేరు అంటాడు చిన్నాయన.

మా జేజినాయన బతికున్నప్పుడు ఇంకో కథ చెప్పేవాడు. స్టేషన్ అసలు ఊరి పక్కనే రావాల్సిందంట. ఊరి పెద్దరెడ్డి, ఆ పొగకి చేన్లు మాడిపోతాయి, గొడ్లు బెదురుతాయి అని దొరల మీద గొడవకి పోతే, వాళ్ళు కోపమొచ్చి అంత దూరంలో కట్టేసి పోయారంట. ఆ పెద్దరెడ్డి మనవళ్ళని అడిగితే మాత్రం ఆయనే భూమి ఊరికే ఇచ్చాడంటారు!

మొన్న దసరాకి పోయినప్పుడు గది వెనక కంపచెట్లు కొట్టిస్తే ఒక రాయి బయటపడింది. దాని మీద ఇంగ్లీషులో ఎస్, ఐ, ఆర్ అని మూడు అక్షరాలు చెక్కి ఉన్నాయి. సర్వే రాయి అన్నారు మావాళ్ళు. నాకు నమ్మకం కుదరలేదు. ఇది ఎప్పుడు కట్టారు, అక్కడే ఎందుకు కట్టారు, ఎందుకు మూశారు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఉగ్గాని_బజ్జి:

ఇంజను బావి అంటున్నారు, దొరబావి లాంటిదేనా? మా నంద్యాల దగ్గర అడవిలో దొరబావి అని ఉంది, అదీ పాత రైల్వేదే. దెయ్యాలున్నాయని చెప్పేవాళ్ళు చిన్నప్పుడు.

టోకెన్‌గుండు:

బాబూ, నేను 1974లో రైల్వేలో చేరి 2008లో దిగాను. చేరినప్పుడు మాది సదరన్ రైల్వే. 1977 అక్టోబర్ 2న గుంతకల్ డివిజన్‌ని సౌత్ సెంట్రల్‌లో కలిపారు, మాకు మారింది కాగితాల మీద పేరు మాత్రమే, కూర్చున్న కుర్చీ అదే, కారే కప్పు అదే. అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా నీ లైన్లో కొన్నేళ్ళు ఉన్నాను. నీ స్టేషన్లో కాదులే, కానీ అన్నిటి కథా ఒకటే.

ముందు ఆ పెద్దరెడ్డి కథ పక్కన పెట్టు. నేను పనిచేసిన ప్రతి చోటా ఆ కథ విన్నాను. ఒక ఊర్లో రెడ్డి, ఒక ఊర్లో కరణం, ఇంకో ఊర్లో అమ్మవారే కలలోకి వచ్చి వద్దంది. అన్ని ఊర్ల పెద్దలూ తరిమేస్తే లైనే పడేది కాదు.

స్టేషన్ అంటే జనం కోసం కడతారని అందరూ అనుకుంటారు. పెద్ద ఊర్లలో నిజమే. కానీ సింగిల్ లైను మీద, అందులోనూ ఆవిరి ఇంజన్ల కాలంలో, మధ్యలో వచ్చే చిన్న స్టేషన్లు చాలావరకు బండి అవసరం కోసం కట్టినవి. ఒకే లైను మీద ఎదురుబొదురుగా రెండు బండ్లు వస్తాయి, ఒకటి పక్కకి తప్పుకుని ఆగాలి, దాన్నే మేము క్రాసింగ్ అంటాం. తప్పుకోవడానికి లూప్ లైను కావాలి, లూప్ లైను వెయ్యాలంటే చదునైన నేల కావాలి, ఎత్తు మీదో వాలులోనో బండి ఆపితే మళ్ళీ కదిలించడం కష్టం, పెట్టెలు వాటంతట అవే దొర్లిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. ఊరి పక్కన వాలుగా ఉండి, రెండు కిలోమీటర్ల అవతల చదునుగా ఉంటే ఇంజనీరు అవతలే కడతాడు. ఊరివాళ్ళు నడిచి వస్తారు, ఇంజను నడిచి రాదు కదా!

రెండోది నీళ్ళు. ఆవిరి ఇంజను బొగ్గు కంటే నీళ్ళకి ఎక్కువ ఆగాలి. ప్రతి స్టేషన్లో కాకపోయినా రెండు మూడు స్టేషన్లకొకసారి నీళ్ళు పట్టుకోవాలి. మన అనంతపురంలో నీళ్ళు ఎక్కడ పడితే అక్కడ పడవని నీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళు పడిన చోట పెద్ద బావి తవ్వి, రాతి కట్టడం కట్టి, పంపు పెట్టి, ఎత్తు మీద ఇనుప ట్యాంకులోకి ఎక్కించి, అక్కడి నుంచి పట్టాల పక్కన ఏనుగు తొండం లాంటి గొట్టం దాకా తెచ్చేవాళ్ళు. ఆ తొండాన్ని ఇంజను మీదికి తిప్పి నీళ్ళు వదిలేవాళ్ళు. నీ బావి కచ్చితంగా అదే. ఇంజను పడిన బావి కాదు, ఇంజను తాగిన బావి. దాని పక్కన నాలుగు రాతి దిమ్మెలో, ఇటుక గోడో ఏదైనా ఉందేమో చూడు, ట్యాంకు దాని మీదే నిలబెట్టి ఉంటారు.

మీ పిల్లలకి తెలియని ఇంకో సంగతి ఆ గదిలో ఏముండేది అని. రెండు పక్కల స్టేషన్లకి రెండు ఇనుప పెట్టెలుండేవి, నీల్స్ టోకెన్ పెట్టెలు. పెట్టెలో ఉక్కు గుండ్లు. నా స్టేషన్ పెట్టె, అవతలి స్టేషన్ పెట్టె కరెంటు తీగతో జత. నేను గంట కొట్టి అడగాలి, అవతలాయన సరేనంటేనే నా పెట్టె గుండు వదులుతుంది. ఒక గుండు బయట ఉండగా రెండో గుండు ఏ పెట్టె నుంచీ రాదు. డ్రైవరు చేతిలో ఆ గుండు లేకుండా బండి ముందుకి పోకూడదు. గుండుని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తం రింగుకి తగిలించి ఇచ్చేవాళ్ళం. ఆగని బండి అయితే, పాయింట్స్‌మన్, అంటే పట్టాలు మార్చే మనిషి, చేయి చాపి నిలబడితే ఫైర్‌మన్ పాత రింగు పారేసి కొత్త రింగులో చెయ్యి దూర్చి లాక్కునేవాడు. రాత్రిపూట కాగడా వెలుగులో. నా మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది, ఒకసారి పాయింట్స్‌మన్‌కి జ్వరమొస్తే నేనే నిలబడ్డాను, అదే మొదలు అదే ఆఖరు.

ఇక ఎందుకు మూశారు అనేది. ఒక రోజున మూశారని అనుకుంటే నీకు తేదీ దొరకదు. నాలుగుసార్లు మూశారు. ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్ వచ్చినప్పుడు బావి పని అయిపోయింది, పంపు మనిషిని ఇంకో చోటికి పంపేశారు. తర్వాత గూడ్స్. చిన్న స్టేషన్లో ఒకటీ రెండూ గూడ్స్ పెట్టెలు నింపి పంపడం తగ్గిపోయింది, రైల్వేకి పూర్తి బండి లోడు కావాలి, చెనిక్కాయల మూట ఉన్నవాడికి లారీ ఇంటి ముందుకే వచ్చింది. బండ్లు తగ్గాయి కాబట్టి క్రాసింగ్ అక్కర్లేదన్నారు, లూప్ తీసేశారు, టోకెన్ పెట్టెలు తీసేశారు, మా మనుషుల్ని తీసేశారు. ఎనిమిది గంటల డ్యూటీ లెక్కన ముగ్గురు మాస్టర్లు, పాయింట్స్‌మన్లు, అందరి జీతం రోజుకి పాతిక టికెట్ల మీద ఎట్లా వస్తుంది? దాంతో అది హాల్ట్ అయింది, అంటే బండి ఆగుతుంది గానీ రైల్వే మనుషులు ఉండరు, ఊరివాడే ఒకడు కమిషన్ మీద పక్క స్టేషన్ నుంచి టికెట్లు తెచ్చుకుని అమ్మేవాడు. ఆఖరికి బ్రాడ్‌గేజ్ పనులకి లైను ఆపారు, 2010 నాటికి కొత్త లైను మీద బండ్లు తిరిగాయి, కొత్త లైనుతో పాటు నీ హాల్ట్ తిరిగి రాలేదు. వంపులు సరిచేస్తూ లైనుని కాస్త జరిపి ఉంటారు, అందుకే నీ స్టేషన్ పక్కకి పడిపోయింది.

ముద్దనూరోడు:

పెద్దాయన చాలా బాగా చెప్పారు కానీ సార్, ఒక మాట. ఇంత కథ ఎందుకు, లాభం లేదు కాబట్టి మూశారు అంటే సరిపోతుంది కదా? బస్సు వచ్చింది, ఆటో వచ్చింది, రోజుకి రెండు బండ్ల కోసం రెండు కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? మా కడప జిల్లాలో మెయిన్ లైను మీద కూడా ఎన్ని చిన్న స్టేషన్లలో బండి ఆపమని మొర పెట్టుకుంటే ఆపుతున్నారు?

అది వదిలేస్తే, పోస్ట్ పెట్టినన్నని ఒకటి అడగాలి. మీ అత్తది ఏ ఊరన్నా? ఎందుకంటే ఇంజను నీళ్ళలో పడిన కథ మా దగ్గరిది. 1902 సెప్టెంబర్‌లో మా మంగపట్నం దగ్గర వానకి వంతెన కొట్టుకుపోతే మద్రాస్ మెయిల్ వాగులో పడింది. డెబ్బై మందికి పైగా పోయారు. మా చిన్నప్పుడు ముసలోళ్ళు ఇంజను ఇంకా ఇసుకలోనే ఉందని చెప్పేవాళ్ళు, మేము వాగులో ఈతకి పోయి కాళ్ళతో వెతికేవాళ్ళం. అది నిజంగా జరిగిన ప్రమాదం. మీ బావి కథ ఎక్కడి నుంచో వచ్చి అక్కడ చేరినట్టుంది.

టోకెన్‌గుండు:

ముద్దనూరు బాబూ, లాభం లేదు అనేది నిజమే, కాదనను. కానీ లాభం ఎప్పుడు ఉండింది? ఆ స్టేషన్ టికెట్ల మీద మొదటి రోజు నుంచీ నష్టమే. అయినా వందేళ్ళు నడిపారు, ఎందుకంటే అది లేకపోతే బండ్లు ఒకదాన్నొకటి దాటలేవు, ఇంజనుకి నీళ్ళు లేవు. ఆ అవసరం తీరాక లెక్క చూశారు. నా పాయింటు అంతే.

కదిరిమల్లె:

సార్ రాసింది చదువుతుంటే మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. మేము ఎనభైల్లో కదిరి నుంచి ధర్మవరం పోయేవాళ్ళం ఆ మీటర్‌గేజ్ బండిలో. చెక్క సీట్లు, కిటికీకి అడ్డంగా ఇనుప కడ్డీలు, తలకాయ బయట పెడితే కళ్ళలో బొగ్గు నలుసు. తెల్ల చొక్కా వేసుకుని ఎక్కినవాడు దిగేటప్పటికి బూడిద రంగు. మా అమ్మ కొంగు తడిపి కళ్ళు తుడిచేది.

కదిరి నరసింహస్వామి తేరు రోజుల్లో మాత్రం ఆ చిన్న స్టేషన్లలో కూడా కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఫాల్గుణ మాసంలో తేరు, ఎండలు అప్పుడే మొదలు. పల్లెల నుంచి జనం రాత్రే వచ్చి ప్లాట్‌ఫారం మీద పడుకునేవాళ్ళు, సద్దిమూటలు విప్పుకుని. తేరు మీద మిరియాలు, పండ్లు విసురుతారు కదా, తిరిగి వచ్చేటప్పుడు అందరి దగ్గరా ఆ మిరియాలు ఉండేవి, కొంగులో ముడేసుకుని, పంచుకుంటూ. బండంతా ఘాటు వాసన. మల్లెపూల సీజన్ అయితే పొద్దున బండిలో పూల గంపలు.

పొలంగట్టు, ఒకటి అడుగుతాను, మీ స్టేషన్లో గంట ఏమైంది? మా దగ్గర రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనుప కడ్డీతో కొట్టేవాళ్ళు. బండి పక్క స్టేషన్ వదిలిందంటే గంట, అది విని మా అమ్మమ్మ పొయ్యి ఆర్పేసి బయల్దేరేది. మేము పరుగు, ఆవిడ నడక, అయినా ముగ్గురం ఒకేసారి చేరేవాళ్ళం.

ముద్దనూరోడు:

అక్కా, బండి లేటు కాబట్టి చేరారు 😄

పాతకాగితాలు:

కొన్ని సంగతులు కలుపుతాను.

ముందు ఆ రాయి. అది సర్వే రాయి కాదు. ఎస్, ఐ, ఆర్ అంటే సౌత్ ఇండియన్ రైల్వే. ధర్మవరం–పాకాల లైను 1890ల మొదట్లో వేసింది ఆ కంపెనీయే. విల్లుపురం నుంచి కాట్పాడి, పాకాల మీదుగా పైకి వచ్చే మీటర్‌గేజ్‌లో అది చివరి ముక్క. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడ్డప్పుడు ఈ ముక్క వాళ్ళకి పోయింది. అంటే మీ రాయి 1908 కంటే ముందు పాతిన హద్దు రాయి, రైల్వే జాగా ఇక్కడి దాకా అని. తర్వాతొచ్చిన కంపెనీ పాత రాళ్ళు పీకలేదు, డబ్బు దండగ కదా. కాబట్టి మీ స్టేషన్ లైనుతో పాటే పుట్టినట్టు దాదాపు ఖాయం చేసుకోవచ్చు. జాగ్రత్తగా ఉంచండి, ఎవరైనా బట్టలుతికే రాయి చేసుకుంటారు.

ఎందుకు వేశారు అనేదానికి మన పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పేది గుర్తు చేసుకోండి, 1876–78 కరువు. జనం పిట్టల్లా రాలిపోయారు. ధాన్యం మద్రాసు రేవులో ఉన్నా, రైలు దిగిన చోటి నుంచి ఎద్దుల బండ్లలో ఇక్కడికి తెచ్చేలోపు ఎద్దులే తినేసేవి. ఆ తర్వాత వేసిన కరువు కమిషన్ 1880లో, ఎండు జిల్లాల్లోకి రైలు వేయాలని గట్టిగా చెప్పింది. సీమలో మీటర్‌గేజ్ లైన్లు చాలావరకు ఆ తర్వాతి పదిహేనేళ్ళలో వచ్చినవే. తక్కువ ఖర్చులో త్వరగా వేయాలి కాబట్టి వెయ్యి మిల్లీమీటర్ల సన్న పట్టా. బ్రాడ్‌గేజ్ 1,676. ఆ తేడాని పూడ్చడానికే 1992లో రైల్వే యూనిగేజ్ అని, లైన్లని బ్రాడ్‌గేజ్‌కి మార్చే పని మొదలుపెట్టింది, అదే మీ హాల్ట్‌ని చివరికి తుడిచేసింది.

ఇప్పుడు అసలు చిట్కా. జిల్లా గెజిటీర్లలో (బ్రిటిష్ కాలంలో రాసిన జిల్లా వివరాల పుస్తకాలు) వెతుకుదామని అనంతపురం 1905 గెజిటీర్ తీస్తారు, ఫ్రాన్సిస్ రాసింది. అందులో కదిరి తాలూకా గురించి దొరకదు. ఎందుకంటే అప్పటికి కదిరి కడప జిల్లాలో ఉంది, 1910లో అనంతపురంలో కలిసింది. పోనీ కడప గెజిటీర్ చూద్దామంటే అది 1915లో వచ్చింది, అప్పటికి కదిరి వాళ్ళది కాదు. గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ 1875ది, అప్పటికి మీ లైనే లేదు. మన తాలూకా సరిగ్గా రెండు కుర్చీల మధ్య కింద పడింది! కాబట్టి మీ ఊరు పాత కదిరి తాలూకాలోదైతే 1910 కంటే ముందు రికార్డులు కడప పేరు మీద అడగండి, అనంతపురం కలెక్టరేట్‌లో వెతికి లేవని తిరిగొచ్చినవాళ్ళు చాలామంది, మొదటిసారి నేనూ అంతే. కడపలో సి.పి. బ్రౌన్ లైబ్రరీలో కూడా ఒక పూట కూర్చోండి, ఏం దొరకకపోయినా బ్రౌన్ ఉన్న చోటు చూసినట్టుంటుంది.

ఇంకొకటి, ఊర్లో ఎక్కడైనా పాత పట్టా ముక్క ఉంటే దాని నడుము మీద చూడండి. పట్టా తయారుచేసిన మిల్లు పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. అయితే అదే స్టేషన్ వయసు అనుకోవద్దు, మెయిన్ లైన్లో అరిగిన పట్టాలు తెచ్చి చిన్న లైన్ల మీద వేసేవాళ్ళు.

ఉగ్గాని_బజ్జి గారూ, దొరబావి బావి కాదండీ, వంతెన. నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమలలో బొగద దగ్గర 1880ల్లో కట్టిన ఎత్తైన మీటర్‌గేజ్ వంతెన. గుంతకల్ నుంచి గుంటూరు వైపు పోయే లైను అది. తొంభైల్లో బ్రాడ్‌గేజ్‌కి మార్చినప్పుడు లైనుని వేరే దారిలో తిప్పి దాన్ని వదిలేశారు. బొగద అన్నా సొరంగం అనే అర్థం, అక్కడి సొరంగాన్ని బట్టే ఆ పేరు.

ఉగ్గాని_బజ్జి:

నలభై ఏళ్ళుగా బావి అనుకుంటున్నా. చిన్నప్పుడు అటు పోనివ్వలేదు మా నాయన, అందులో పడతావని.

పొలంగట్టు:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందని అనుకోలేదు. సార్, మీ మాటలు మా చిన్నాయనకి ఫోన్లో చదివి వినిపించాను. బావికి పడమర పక్క నాలుగు రాతి దిమ్మెలు ఉన్నాయంట! నేను అన్నిసార్లు పోయి చూడలేదు, ఆయన వాటి మీద కూర్చుని బీడీ తాగుతాడంట రోజూ. ఆయిల్ ఇంజను కథ మాత్రం వదలట్లేదు, రైల్వేవాళ్ళు పోయాక తన నాయన నిజంగానే అక్కడ ఆయిల్ ఇంజను పెట్టి రెండు పంటలు తీశాడంటున్నాడు. రైల్వే జాగాలో ఎట్లా పెట్టారు అంటే ఫోన్ సరిగ్గా వినపడట్లేదన్నాడు.

ముద్దనూరన్నా, మా అత్తది కొండాపురం! నువ్వు చెప్పింది కరెక్టే. అడిగితే "మా ఊర్లో విన్నానేమోరా, ఏ నీళ్ళైతే ఏముంది" అంది.

కదిరిమల్లె అక్కా, గంట సంగతి కూడా దొరికింది. పట్టా ముక్కని ఊరి బడికి తెచ్చుకున్నారంట, చాలా ఏళ్ళు బడి గంట అదే. తర్వాత కరెంటు బెల్లు వచ్చాక ఎవరో ఇనప సామాన్లవాడికి వేశారు. అది పోయింది. కానీ మా పశువుల కొట్టానికి అడ్డదూలం పట్టానే అని చిన్నాయన ఇప్పుడు చెప్తున్నాడు, నేను పుట్టినప్పటి నుంచీ దాని కిందే తిరుగుతున్నాను. టార్చి వేసి చూడమన్నాను. నడుము మీద ఏదో ఇంగ్లీషు పేరు, పక్కన 18 అని అంకెలు కనపడుతున్నాయి, మిగతా రెండంకెలు సున్నం కింద ఉన్నాయంట. గీకమంటే మా చిన్నమ్మ ఒప్పుకోవట్లేదు, పోయిన వారమే సున్నం కొట్టించిందంట. సంక్రాంతికి పోయినప్పుడు నేనే గీకుతాను, ఫోటో పెడతాను.